పిట్టల గోడ

మే 12

భవనాల పోటీ జడ్జీలు వచ్చి చూసి వెళ్లారు. అంతా బాగానే జరిగింది. ఇంత బాగా జరిగాక కూడా నాకు ముద్ద దిగలేదంటే ఎండే కారణమై ఉండాలి.

పొద్దున నేను వెళ్లేసరికే ఆ భవనంలోనే ఉండే మా అక్క, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లు బకెట్లు, బ్రష్షులు పట్టుకుని గోడ కింది రాతిబల్లను తోముతున్నారు. "నీ పెళ్లికి కూడా నేనింత చాకిరీ చేయలేదే" అంది అక్క. పైన గోడలో గూళ్ల నిండా పిచ్చుకలు. అవి మాత్రం ఎవరికోసమూ సర్దుకోలేదు. కడిగినచోటే మళ్లీ మళ్లీ కడగాల్సి వచ్చింది.

గోడ గురించి చెప్పడం నాకు నోటికి వచ్చేసింది. ఈ స్థలంలో ఇదివరకు పెంకుటిళ్ల వరస ఉండేది. వాటిని కొట్టేసి, అందులో ఉన్నవాళ్లందరికీ ఈ నాలుగంతస్తుల భవనం కట్టాం. మరి పెంకుల కింద కాపురమున్న పిచ్చుకలు ఎక్కడికి పోతాయి? అందుకని వాకిలివైపు గోడలో వాటికీ గూళ్లు పెట్టాం. లోపల గుల్లగా ఉండే ఇటుక, బయట చిన్న కన్నం. గోడ వెనక వంటిళ్లు ఉండటంతో గోడ వెచ్చగా ఉంటుంది, అందుకే ఇక్కడ పిట్టలు మొదటి విడత పిల్లలు ఎగిరాక రెండో విడత కూడా పెడుతున్నాయని గొప్పగా చెప్పాను. జడ్జీలు తలలు ఊపారు. పాత ఇళ్ల మెట్లమీద కూర్చుని కబుర్లాడుకున్నవాళ్లు ఇప్పుడు ఈ బల్లమీద కూర్చుంటారు, పైన పిట్టలు, కింద మనుషులు, ఇద్దరికీ ఒకటే గోడ అన్నాను. ఆ మాట నాకు చాలా ఇష్టం. నేనే అనుకున్నది.

జడ్జీల్లో ఒకావిడ నర్సమ్మను పలకరించింది. నర్సమ్మ మొదటి అంతస్తులో ఉండే పెద్దావిడ. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయింది, అసలు పేరు అందరూ మర్చిపోయారు.

"మీరంతా రోజూ ఇక్కడ కూర్చుంటారా?"

నర్సమ్మ నావైపు చూసింది. తర్వాత ఆవిడవైపు తిరిగి, "రోజూ కూర్చుంటామమ్మా. వీటి గోల వినకపోతే మాకు పొద్దుపోదు" అంది.

అంటూండగానే ఆవిడ భుజంమీద రెట్ట పడింది. చేతిలోని తువ్వాలు దానిమీద వేసుకుని కప్పేసింది. జడ్జీ చూడలేదు. నేను చూశాను.

ఆ బల్లమీద ఎవరూ కూర్చోరు. గృహప్రవేశం అయిన కొత్తలో కూర్చున్నారు, ఒకటికి రెండుసార్లు తలలు కడుక్కున్నాక మానేశారు. ఈ సంగతి నాకు తెలుసు, జడ్జీలకు తెలియదు. అబద్ధం ఆడమని నర్సమ్మను నేను అడగలేదు. అక్క అడిగి ఉంటుంది. కాబట్టి నాకు సంబంధం లేదు.

మే 13

ఫలితం వచ్చే నెలాఖరుకట. పనిలో పడిపోవాలి.

మే 19

భవనంవాళ్ల మీటింగు. నన్ను రమ్మన్నారు.

ప్రెసిడెంటుగారు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఇప్పటికీ గదిలోకి ఎవరొచ్చినా "లోపలికి జరగాలి, లోపలికి జరగాలి" అంటారు. అందరూ జరిగాక నన్ను కూర్చోబెట్టి మర్యాదగానే మొదలుపెట్టారు.

"జడ్జీలొచ్చిన రోజు మీ మాట మేం కాపాడామమ్మా. ఇప్పుడు మా మాట మీరు వినాలి. ఆ వాకిట్లో నిలబడటానికి లేదు. ఆరేసిన బట్ట మళ్లీ ఉతుక్కోవాల్సొస్తోంది. పక్కింటివాళ్ల మొహం చూసి నెలలవుతోంది. ఎవరి తలుపు వాళ్లేసుకుని కూర్చుంటున్నాం. పాత ఇళ్లే నయం అనిపిస్తోంది. ఏదో ఒకటి చెయ్యండి, లేకపోతే ఆ కన్నాలు మూసేస్తాం."

"ఎందుకిలా అవుతోందండీ?" అని వెనకనించి ఎవరో అడిగారు.

నేను లేచి నిలబడ్డాను. చెప్పాల్సింది ఒక్క వాక్యం. దానికి బదులు, పక్షుల ప్రవర్తనను ముందుగా ఊహించడం కష్టమన్నాను. ఈ గుంపు మామూలుకంటే పెద్దది అన్నాను. ఇంకా ఏవో అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నేను కూర్చోగానే అందరూ పిట్టలమీద పడ్డారు. దరిద్రం అన్నారు, పీడ అన్నారు. నేను వింటూ కూర్చున్నాను. ఒకసారి తల కూడా ఊపాను.

నర్సమ్మ మాత్రం, "పాత ఇంట్లోనూ ఇవే పిట్టలు. మెట్లమీద కూర్చుంటే ఎప్పుడూ మీద పడేది కాదే" అంది. ఎవరినీ అడిగినట్టు కాదు, తనలో తను అనుకున్నట్టు. నేను నా సంచిలో ఏదో వెతుక్కున్నాను.

ఇక్కడైనా రాస్తాను, ఇది ఎవరూ చదవరు కనక. పాత ఇళ్లకు చూరు ఉండేది. ఏం పడినా ముందుకు వచ్చిన ఆ చూరుమీదే పడేది, కింద కూర్చున్నవాళ్లకు తగిలేది కాదు. ఈ గోడకు కూడా మొదటి నక్షాలో గూళ్ల కింద, బల్లకు పైన ఒక సన్‌షేడ్ ఉంది. మా ఆఫీసు పెద్దాయన గీశాడు. నేను తీసేశాను. అది ఉంటే గోడకు అడ్డంగా గీత పడి అందం చెడుతుంది, ఫొటోలో నీడ వస్తుంది అన్నాను. "నీ ఇష్టం అమ్మాయ్. కాకపోతే కింద కూర్చునేవాళ్లని కూడా ఒక మాట అడుగు" అన్నాడు. అడిగాను, వద్దన్నారు అని చెప్పాను. ఎవరినీ అడగలేదు.

సన్‌షేడ్ కడితే పిట్టలు ఉంటాయి, మనుషులూ కూర్చుంటారు. పెద్ద ఖర్చు కాదు, పెద్ద పనీ కాదు. కానీ కట్టాలంటే ఇదివరకు ఎందుకు కట్టలేదో చెప్పాలి. ఈ నెలన్నర గడిస్తే చాలు. బహుమతి సంగతి తేలిపోయాక మెల్లగా, వాళ్ల కోరిక మీద కట్టినట్టు కట్టేయొచ్చు. అప్పుడు ఎవరికీ ఏ నష్టమూ ఉండదు.

మే 20

పెద్దాయన గదిలోకి పిలిచాడు. కళ్లద్దాలు తుడుచుకుంటూ, "అక్కడ ఎలా ఉందమ్మాయ్?" అన్నాడు.

"బాగుందండీ."

"జనం కింద కూర్చుంటున్నారా?"

"కూర్చుంటున్నారండీ."

ఆయన కాసేపు అద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. "అయితే పొరపాటు నాదే. సన్‌షేడ్ లేకపోతే కుదరదనుకున్నాను. పోన్లే, నీ లెక్కే కరెక్టయింది" అన్నాడు.

ఆయన చేయని పొరపాటును నా ఎదురుగా ఒప్పుకున్నాడు. నేను "అబ్బే, అలా ఏం లేదండీ" అన్నాను. వినయంగా అన్నాను. నా సీటుకు వచ్చి కూర్చున్నాక చెవులు మండుతూనే ఉన్నాయి. అంత సిగ్గు వేసింది. వేసి ఏం లాభం, లేచి వెనక్కి వెళ్లలేదు.

మే 26

అక్క దగ్గరికి వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది.

అక్క వంటింటి కిటికీ సరిగ్గా గూళ్ల పైన పడుతుంది. కుట్టుమిషను అక్కడే వేసుకుంది. నేను వెళ్లేసరికి ఎవరిదో లంగా అంచు విప్పుతోంది. బావ పోయాక ఆ మిషనే అక్కకు ఆధారం.

"నువ్వు ముందు చూపించిన బొమ్మలో నేనూ ఉన్నాను గుర్తుందా? కింద బల్లమీద కూర్చుని కుట్టుకుంటున్నట్టు గీశావు. కొంచెం సన్నగా గీశావు కూడా" అంది.

"నిన్ను సంతోషపెట్టాలని."

"సంతోషపడ్డాను. అందుకే పాత ఇళ్లు కొట్టడానికి ఒప్పుకుంటూ అందరికంటే ముందు సంతకం పెట్టాను. నేను పెట్టాక, మన పిల్లే కదా కడుతోంది అని మిగతావాళ్లు పెట్టారు. ఇప్పుడు మెట్ల దగ్గర నన్ను చూసి పక్కకి తప్పుకుని పోతున్నారు. నువ్వు నీ ఇంటికి పోతావు. వాళ్లకి మొహం చూపించాల్సింది నేను."

నేను కిందపడ్డ దారప్పోగులు ఏరుతున్నాను.

"ఏం చేస్తే మీద పడకుండా ఉంటుందో నీకు తెలీదా?" అంది. సూది ఆపి నన్నే చూస్తోంది.

"ఆలోచిస్తున్నానక్కా."

"ఆలోచించు. చదువుకున్నదానివి" అని మళ్లీ పనిలో పడింది.

అందులో వెటకారం లేదు. అదే బాధ. చిన్నప్పుడు నేను ఇంట్లో ఏం పగలగొట్టినా అక్క నా మొహం చూసి కనిపెట్టేసేది. పెద్దయ్యాక ఆ కళ్లు పోయాయో, నా మొహం గట్టిపడిందో తెలియదు. గుమ్మడికాయల దొంగ అంటే నేను భుజాలు కూడా తడుముకోలేదు.

మే 29

పోటీవాళ్లు ప్రదర్శనకు ఫొటోలు అడిగారు. బల్లమీద నర్సమ్మ కూర్చున్న ఫొటో అన్నిటికంటే బాగా వచ్చింది. అదే ఎంచాను. భుజంమీద తువ్వాలు కూడా చక్కగా కనిపిస్తోంది.

జూన్ 2

ప్రెసిడెంటుగారు ఆఫీసుకు ఫోన్ చేశారు. మేస్త్రీ దొరికాడట, రేపే వస్తాడట, గూళ్లు మూసేద్దామని అందరూ తీర్మానం చేశారట. నా చేతిలో ప్రదర్శనవాళ్లు పంపిన అచ్చు కాగితం ఉంది, అందులో నా పేరు తప్పు పడింది. నా దృష్టంతా దానిమీద ఉంది.

"మీ అక్కగారు పట్టుబడుతున్నారమ్మా. లోపల పిల్లలుంటాయేమో అడిగి మరీ మూయమంటున్నారు. ఉంటాయా?"

వద్దు, ఆగండి, నేను సన్‌షేడ్ వేయిస్తాను అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దాయన పక్కగదిలోనే ఉన్నాడు, తలుపు తీసే ఉంది.

"ఈపాటికి అన్నీ ఎగిరిపోయి ఉంటాయండీ. మూయొచ్చు. కాకపోతే సిమెంటు వద్దు, ఇనప వల కొట్టించండి. తాత్కాలికంగా" అన్నాను.

"మీరు చెప్పారంటే ఇంక భయం లేదు" అన్నారాయన.

వల ఎప్పుడైనా తీసేయొచ్చు. పిట్టలు కొన్నాళ్లు వేరేచోట ఉంటాయి. తర్వాత సన్‌షేడ్ కట్టి, వల తీసేస్తే మళ్లీ వస్తాయి. ఇది మంచి ఉపాయమే. పిచ్చుకల పుస్తకం అలమారలో ఉంది, తీసి చూద్దామనుకున్నాను. గుర్తున్నదే కదా అని తీయలేదు.

జూన్ 4

వల కొట్టడం అయిపోయింది. అక్క ఫోన్ చేసింది. "పిట్టలు ఆ వల పట్టుకుని వేలాడుతున్నాయే" అంది.

అలవాటైన చోటు కదక్కా, రెండ్రోజుల్లో మానేస్తాయి అన్నాను.

జూన్ 5

పని. అక్క మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

జూన్ 6

ఇవాళ్టిది రాయాలని లేదు. రాయకపోతే రేపటికి దీన్ని కూడా ఇంకోలా చెప్పుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

పొద్దున అక్క ఫోన్ ఎత్తాను. "గోడలోంచి చప్పుడొస్తోంది. నిన్నంతా గట్టిగా వచ్చింది. ఇవాళ తగ్గింది" అంది.

"వంటింటి పైపుల్లో నీళ్ల చప్పుడయి ఉంటుందక్కా."

"పైపులు ఏడుస్తాయా?" అంది. పెట్టేసింది.

టిఫిను గిన్నె కడుగుతూ నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది. రెండో విడత. వెచ్చటి గోడ కాబట్టి రెండో విడత కూడా పెడతాయని జడ్జీల ముందు చెప్పింది నేనే. పుస్తకంలో ఉన్నది మామూలు గోడల సంగతి. ఇది నా గోడ. నేను కట్టి, నేను పొగుడుకుని, నేనే మర్చిపోయాను.

ఆటోలో వెళ్లాను. మూడు రోజులు అని లెక్కేసుకుంటూ వెళ్లాను, ఎంత లెక్కేసినా మూడే వచ్చింది.

వాకిట్లో అప్పటికే జనం ఉన్నారు. పిట్టలు వలకు గోళ్లు వేసి వేలాడుతున్నాయి. ఒకదాని ముక్కులో పురుగు ఉంది. అది వలలోంచి ముక్కు దూర్చడం, వెనక్కి రావడం, మళ్లీ దూర్చడం. పురుగు ఇంకా ముక్కులోనే ఉంది. లోపలి పిల్ల అంతదాకా రాలేకపోయిందో, అక్కడ అందుకోవడానికి ఎవరూ లేరో.

మేస్త్రీ ఇంకో ఊళ్లో పనికి వెళ్లాడట. నిచ్చెన ఉంది. కటింగ్ ప్లేయరు ఎవరో తెచ్చి ఇచ్చారు. నేను ఎక్కాను. నిచ్చెన ఎక్కడం నాకు బాగా వచ్చు, పదిమందిలో ఎక్కి చూపిస్తే మగవాళ్లు ఆశ్చర్యపోతారని ఒకప్పుడు నాకు గర్వం కూడా. వల గట్టిగా కొట్టాడు మేస్త్రీ, మంచి పనివాడు. తెంచుతూంటే చేతులు కోసుకున్నాయి. చేయి పెట్టి తీసి కిందికి ఇవ్వడం, నర్సమ్మ అందుకోవడం. ఆవిడ ఒడిలో పాత గుడ్డ పరుచుకుంది. బతికి ఉన్నవాటిని ఒక పక్క, మిగతావాటిని ఒక పక్క పెట్టింది. ఒక పక్క త్వరగా నిండిపోయింది. ఏ పక్కో రాయను.

బతికినవాటికి ఆవిడ దూది తడిపి చుక్కలు చుక్కలుగా నీళ్లు పట్టింది. నా చేతి రక్తం చూసి ఇంకో దూదిముక్క నాకూ ఇచ్చింది.

ప్రెసిడెంటుగారు నిచ్చెన పట్టుకుని నిలబడే ఉన్నారు. నేను దిగాక, "ఎగిరిపోయాయన్నారు కదమ్మా" అన్నారు. కోపంగా కాదు. లెక్క ఎక్కడ తప్పిందో తెలియని మనిషి అడిగినట్టు అడిగారు.

"అన్నానండీ. చూడకుండా అన్నాను."

ఇంక ఆపుకోలేకపోయాను. అసలు గూళ్లు మూయాల్సిన అవసరమే లేదని చెప్పాను. గూళ్ల కింద ఒక సన్‌షేడ్ ఉంటే మీమీద ఏమీ పడేది కాదు, అది నక్షాలో ఉంది, గోడ అందంగా కనిపించాలని నేనే తీసేశాను, మిమ్మల్ని అడిగానని మా పెద్దాయనతో అబద్ధం చెప్పాను, మీటింగులో తప్పు పిట్టలమీద వేశాను, బహుమతి పోతుందని నోరు మూసుకున్నాను. వరసగా అన్నీ చెప్పాను. చెబుతూంటే ప్రతి మాటా చిన్నదిగా వినిపించింది. సన్‌షేడ్. ఫొటో. నీడ. దానికోసమా అని ఎవరైనా అడుగుతారని ఎదురుచూశాను.

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగో అంతస్తు ఆయన, "అయితే అదెప్పుడు వేయిస్తారు?" అన్నాడు. ఇంకెవరో వెడల్పు ఎంత ఉండాలి అన్నారు. నేను జవాబులు చెప్పాను. చెప్పి చుట్టూ చూస్తే అక్క లేదు. సగంలోనే మెట్లెక్కి వెళ్లిపోయింది.

పైకి వెళ్లి తలుపు తట్టాను. మిషను చప్పుడు వినిపిస్తోంది. తలుపు తీయలేదు.

జూన్ 7

నర్సమ్మ దగ్గరున్నవి కూడా పోయాయట.

జూన్ 8

పెద్దాయనకు అంతా చెప్పాను. పొద్దున్నించీ ఆయన గది చుట్టూ తేలు కుట్టిన దొంగలా తిరిగి, మధ్యాహ్నానికి లోపలికి వెళ్లాను.

ఆయన విన్నాడు. మధ్యలో ఆపలేదు. చివర్న, "ఆ రోజు నేను అడిగినప్పుడే నీ మొహం చూశానమ్మాయ్. పోనీ తనే చెబుతుందిలే, బలవంతంగా చెప్పించడమెందుకని ఊరుకున్నాను" అన్నాడు. కళ్లద్దాలు తీసి, "ఊరుకోకుండా ఉండాల్సింది" అన్నాడు.

ఇద్దరం కలిసి ఫోన్ చేసి పోటీ నుంచి తప్పుకున్నాం. ఆయన చేసిన పనిలో ఇదొక్కటే పోటీకి వెళ్లింది. ఈ ఏడు ఆఫీసు వదిలేద్దామనుకుంటున్నాడు. ఆ మాట నాకు ఇవాళ చెప్పాడు, కబురు చెప్పినట్టు మామూలుగా.

జూన్ 17

సన్‌షేడ్ పని మొదలైంది. రోజూ వెళ్తున్నాను. మేస్త్రీకి నేనుండటం చిరాకు. "మేడమ్, ఇది మీరు ఊదితే ఆరేది కాదు, పోయి నీడన కూర్చోండి" అన్నాడు. కూర్చోలేదు.

అక్క రెండో అంతస్తునించి టీ పంపింది, పక్కింటి ఆవిడచేత. మేస్త్రీకీ కూలీలకీ. ఒక కప్పు ఎక్కువుంది. నాదే అనుకుని తాగాను. ఎవరూ కాదనలేదు.

జూన్ 25

పిట్టలు రావడం లేదు. పని జరుగుతోంది కదా, చప్పుడుకి బెదిరి ఉంటాయి.

జూలై 3

పని అయిపోయింది. మిగిలిన వల ముక్కలన్నీ తీయించి, గూళ్లు శుభ్రం చేయించి, లోపల కొంచెం ఎండుగడ్డి కూడా పెట్టించాను. సన్‌షేడ్ నీడ గోడమీద అడ్డంగా పడుతోంది. గోడ నిజంగానే ఇదివరకంత అందంగా లేదు.

జూలై 9

రాలేదు. సిమెంటు వాసన పోవాలి.

జూలై 14

అక్క మాట్లాడింది. "చెప్పులు తలుపు బయటే విడిచి రా, గచ్చు ఇప్పుడే తుడిచాను" అంది. ఆటోలో ఇంటికొస్తూ ఏడ్చాను. డ్రైవరు అద్దంలో చూసి పాట ఆపేశాడు.

జూలై 20

ఒకటి వచ్చి కరెంటు తీగమీద కూర్చుంది. గోడవైపు చూడలేదు. నేను కదలకుండా నిలబడ్డాను. కాసేపటికి అది అవతలి వీధివైపు ఎగిరిపోయింది.

జూలై 21

రాలేదు.

జూలై 28

బల్లమీద జనం కూర్చుంటున్నారు. మొదట నర్సమ్మ ఒక్కతే కూర్చుందట, తర్వాత ఒక్కొక్కరే దిగారట. ఇవాళ నేను వెళ్లేసరికి ప్రెసిడెంటుగారు బల్ల చివర నిలబడి "జరగాలి, జరగాలి, ఇంకో ఇద్దరికి చోటుంది" అంటున్నారు. అక్క మిషను కిందికి తేలేక, చేతికుట్టు పని తెచ్చుకుంది. నేను గీసిన బొమ్మలో ఉన్నచోటే కూర్చుంది.

ఇన్నాళ్లూ తలుపులు వేసుకున్నవాళ్లు వీళ్లేనా అనిపించింది. ఒకరి మాట ఒకరు తుంచుతూ ఒకటే కబుర్లు. నేను సంతోషపడాలి. కొంచెం పడ్డాను కూడా.

ఆగస్టు 11

నన్ను టీకి రమ్మన్నారు. ఊరికే అనుకుని వెళ్తే, వాకిట్లో కుర్చీలు వేసి, నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. ప్రెసిడెంటుగారు లేచి గొంతు సవరించుకున్నారు. అప్పుడే లేచి పోవాల్సింది.

"చదువుకున్నవాళ్లు తప్పు ఒప్పుకోడం మనం చూసి ఎరగం. ఈ అమ్మాయి ఒప్పుకుంది. ఒప్పుకుని ఊరుకోలేదు, ఎండలో నిలబడి దగ్గరుండి పని చేయించింది. ఇవాళ మనం ఇలా కూర్చున్నామంటే ఆవిడ చలవే. ఇదిగో, ఇన్నాళ్లయింది, ఈ బల్లమీద ఒక్క మరక పడిందేమో చూడండి" అన్నారు.

అందరూ బల్లను చూశారు. నాలుగో అంతస్తు ఆయన వేలితో రాసి చూపించాడు కూడా. వేలు శుభ్రంగా ఉంది. "సన్‌షేడ్ భలే పనిచేస్తోందండీ" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నర్సమ్మ కొట్టలేదు, టీ గ్లాసు చూస్తూ కూర్చుంది. తల ఎత్తి పైకి చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

నేను లేచి నిలబడ్డాను. రెండు ముక్కలు మాట్లాడమన్నారు. చాలా సంతోషం అన్నాను. ఒక్కసారి నిజం చెప్పినందుకు ఇంత గౌరవమా అనిపించింది. రెండోసారి చెప్పడానికి నోరు రాలేదు. అంత ఆనందంగా ఉన్నవాళ్ల మధ్య ఏమని చెప్పను? ఈ సన్‌షేడ్ మీమీద పడకుండా దేన్ని అడ్డుకుంటోందో ఒకసారి చూసుకోండి అనా? కూర్చుని టీ తాగాను. చల్లారిపోయింది.

తర్వాత అక్క నన్ను పైకి తీసుకెళ్లింది. నేను వంటింట్లోకి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్కడినించి సన్‌షేడ్ పైభాగం అంతా కనిపిస్తుంది. ఈ చివరినించి ఆ చివరిదాకా చూశాను. మేస్త్రీ అప్పగించిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. రెట్ట లేదు, పుల్ల లేదు, ఈక లేదు. కింద నవ్వులు వినిపిస్తున్నాయి.

అక్క వచ్చి పక్కన నిలబడింది. తనూ అటే చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా వీపుమీద చెయ్యి వేసి, "వాన కడిగేసి ఉంటుందిలే" అంది.

"అవునక్కా, వానే" అన్నాను.

ఈ నెలలో ఇంతవరకు చినుకు పడలేదు.